అమెరికా క్రిస్టియన్ స్కూళ్ళలో ఈ లాటిన్ గోల ఏంటి? గ్రీకు సంగతేంటి?

మా అక్కావాళ్ళు టెక్సాస్‌లో ఉంటారు, వాళ్ళ పాప మూడో క్లాసు. మొన్న వీడియో కాల్‌లో స్కూల్లో నేర్పిన పాట పాడతానని మొదలుపెట్టింది, "ఆ, ఏ, ఏ, ఆమ్, ఆ... ఏ, ఆరుమ్, ఈస్, ఆస్, ఈస్" అని, చప్పట్లు కొడుతూ ఊగుతూ. మా నాన్న ఒంగోల్లో రిటైరైన తెలుగు మాస్టారు, చర్చిలో పెద్ద. ఓ నిమిషం విని "ఒసే, ఇది మన డుమువులు ప్రథమా విభక్తి కదే" అన్నారు. కరెక్టే, అది లాటిన్‌లో మొదటి రకం నామవాచకాల విభక్తి ప్రత్యయాలే, ముందు ఏకవచనానికి ఐదు, తర్వాత బహువచనానికి ఐదు.

మా బావకి మాత్రం నవ్వు రాలేదు. ఇంత ఫీజు కట్టి, టెక్సాస్‌లో ఉంటూ, చక్కగా స్పానిష్ నేర్చుకోకుండా ఎవరూ మాట్లాడని భాష ఏంటి అని ఆయన గోల, పోనీ బైబిల్ కోసం అనుకుందామంటే బైబిల్ రాసింది హీబ్రూలో, గ్రీకులో, కొంచెం అరమాయిక్‌లో, లాటిన్‌లో అయితే కాదు కదా అని. ఈ చివరి ప్రశ్న అసలైన ప్రశ్న, దాని దగ్గరికి మళ్ళీ వస్తా.

ఇలాంటి స్కూల్‌ని "లాటిన్ ఎందుకండీ" అని అడిగితే మామూలుగా నాలుగు కారణాలు ఒకే ఊపిరిలో చెప్తారు. ఇంగ్లీష్ వొకాబులరీ పెరుగుద్ది, బుర్ర పదునెక్కుద్ది, చర్చి పెద్దలు రాసింది రాసినట్టు చదవచ్చు, ఇది మన నాగరికతకి వారసత్వం. ఇవి నాలుగూ వేర్వేరు వాదనలు. ఒకటి గట్టిది, ఒకటి దాదాపు బోలు, మిగతావి మధ్యలో ఎక్కడో ఉంటాయి. కలిపి కట్టకట్టి ఇస్తే మాత్రం అన్నీ గట్టిగానే కనపడతాయి, చిక్కంతా అక్కడే.

ఇప్పుడే ఎందుకింత చర్చ అంటే డబ్బు. ప్రైవేట్ స్కూల్ ఫీజులకి ప్రభుత్వ సొమ్ము ఇచ్చే చట్టం మీద టెక్సాస్ గవర్నర్ 2025 మేలో సంతకం పెట్టాడు, వంద కోట్ల డాలర్ల స్కీము, 2026-27 విద్యా సంవత్సరం నుంచి. అరిజోనాలో అలాంటిది 2022లోనే పిల్లలందరికీ తెరిచారు. దాంతో "క్లాసికల్" అని బోర్డున్న, అంటే పాత గ్రీకు, రోమన్ చదువుల బాటలో నడుస్తామనే స్కూళ్ళ గురించి మనవాళ్ళ వాట్సాప్ గ్రూపుల్లో కూడా ప్రశ్నలే ప్రశ్నలు.

ముందు "క్లాసికల్", "క్రిస్టియన్" రెండూ విడదీద్దాం

క్లాసికల్ స్కూల్ అన్న ప్రతిదీ క్రిస్టియన్ స్కూల్ కాదు. గ్రేట్ హార్ట్స్ అనే నెట్‌వర్క్ ఉంది, అరిజోనాలో మొదలై టెక్సాస్‌కి వచ్చింది, అది చార్టర్ స్కూల్, అంటే ప్రభుత్వ డబ్బుతో నడిచేది, ఫీజు లేదు, మతబోధన ఉండదు. అక్కడా లాటిన్ ఉంది. క్లాసికల్ క్రిస్టియన్ అంటే ప్రైవేట్, బైబిల్ పాఠం సిలబస్‌కి మధ్యలో ఉంటుంది, ఎక్కువ భాగం ప్రొటెస్టెంట్ వాళ్ళు నడుపుతారు, కేథలిక్ వాళ్ళకి వేరే క్లాసికల్ స్కూళ్ళు ఉన్నాయి. ఇంట్లోనే చదివించుకునే హోమ్‌స్కూల్ వాళ్ళు కూడా పెద్ద సంఖ్యలోనే ఉంటారు.

ఈ ప్రొటెస్టెంట్ స్కూళ్ళ ఉద్యమానికి పుట్టిల్లు ఐడహో రాష్ట్రంలో మాస్కో అనే చిన్న ఊరు (రష్యాది కాదు). 1981లో అక్కడ లోగోస్ స్కూల్ పెట్టారు. పెట్టినవాళ్ళలో ఒకడైన డగ్లస్ విల్సన్ అనే పాస్టర్ 1991లో ఈ పద్ధతి మీద పుస్తకం రాశాడు, అది చదివి ఎక్కడెక్కడో తల్లిదండ్రులు చర్చి బేస్‌మెంట్లలో స్కూళ్ళు తెరిచారు. ఆ విల్సన్ చుట్టూ వివాదాలు చాలానే ఉన్నాయి, అందుకే ఈ ఉద్యమంలోనే ఆయనకి దూరంగా జరిగేవాళ్ళూ ఉన్నారు.

విల్సన్‌కి ఐడియా ఇచ్చింది మాత్రం ఒక డిటెక్టివ్ నవలా రచయిత్రి. ఇంగ్లండ్‌లో డొరతీ సేయర్స్ 1947లో ఆక్స్‌ఫర్డ్‌లో ఒక ప్రసంగం చేసింది. ఇప్పటి పిల్లలకి సబ్జెక్టులు నేర్పుతున్నాం గానీ ఎలా నేర్చుకోవాలో నేర్పట్లేదు, మధ్యయుగాల్లో ఆ పనిముట్లు ఉండేవి, వాటిని పోగొట్టుకున్నాం అని ఆవిడ బాధ. చదువుకి పునాదిగా లాటిన్ గ్రామర్‌ని మించింది లేదని గట్టిగా చెప్పింది. తమాషా ఏంటంటే, బతికున్న భాషే కావాలని పట్టుబట్టేవాళ్ళు రష్యన్ పెట్టుకోండి అంది, ప్రాచీన గ్రీకు కూడా ఫర్వాలేదంది, "నా ఓటు మాత్రం లాటిన్‌కే" అన్నట్టు ముగించింది. అంటే ఆమె లెక్కలో విభక్తులు బాగా ఉన్న భాష ఒకటి కావాలి, అంతే. బైబిల్ దాకా రానేలేదు.

గ్రామర్ అంటే ఒకప్పుడు లాటినే

ఈ స్కూళ్ళలో మీకు పదే పదే వినపడే మాట ట్రివియం. మూడు దార్లు కలిసే చోటు అని అర్థం. మధ్యయుగపు యూరప్‌లో చదువుకి మొదటి మూడు మెట్లు గ్రామర్, లాజిక్, రెటరిక్, అంటే వ్యాకరణం, తర్కం, అలంకారశాస్త్రం. వాటి తర్వాత అంకగణితం, జ్యామితి, సంగీతం, ఖగోళం.

సేయర్స్ ఇక్కడో మెలిక పెట్టింది. ఆ మూడూ సబ్జెక్టులు మాత్రమే కాదు, పిల్లల వయసులు కూడా అంది. చిన్నప్పుడు చిలకలా బట్టీ పడతారు, అది గ్రామర్ స్టేజి. పన్నెండు పదమూడేళ్ళకి ప్రతిదానికీ ఎదురు వాదిస్తారు, అది లాజిక్ స్టేజి (ఆ వయసు పిల్లలున్న ఇంట్లో దీనికి రుజువు అక్కర్లేదు). తర్వాత తమ గురించి తాము చెప్పుకోవాలనుకుంటారు, అది రెటరిక్. వినడానికి భలే ఉంది, స్కూళ్ళు దీన్నే టైంటేబుల్ చేసుకున్నాయి. కానీ ఈ వయసుల లెక్క సేయర్స్ సొంతం, మధ్యయుగం వాళ్ళది కాదు. వాళ్ళకి "గ్రమ్మాటికా" అంటే పదేళ్ళలోపు వయసు కాదు, లాటిన్ భాష, ఆ భాషలో రాసిన సాహిత్యం, అంతే. మన పాఠశాలల్లో వ్యాకరణం అంటే చెప్పకుండానే సంస్కృతం అని అర్థమైనట్టు.

ఈ తేడా చిన్నది కాదు. గ్రామర్ అంటే వయసు అనుకుంటే ఆ వయసులో దేన్నైనా బట్టీ పట్టించవచ్చు, దేశాల పేర్లు, రాజుల తేదీలు, లాటిన్ ప్రత్యయాలు, ఏదైనా ఒకటే. గ్రామర్ అంటే లాటినే అనుకుంటే లాటిన్ లేనిదే బండి కదలదు. ఒకే బోర్డు పెట్టుకున్న స్కూళ్ళ మధ్య లాటిన్ విషయంలో ఇంత తేడా ఎందుకంటే ఒక కారణం ఇదే. కొన్ని వారానికి రెండు పీరియడ్లు, కొన్ని రోజూ.

చర్చిలో ఈ పేచీ 1800 ఏళ్ళ నాటిది

క్రైస్తవులకి అన్యుల సాహిత్యం ఎందుకు అనే ప్రశ్న ఇప్పటి తల్లిదండ్రులు కొత్తగా కనిపెట్టింది కాదు. ఉత్తర ఆఫ్రికాలో టెర్టూలియన్ అనే ఆయన "ఏథెన్స్‌కీ యెరూషలేముకీ ఏం సంబంధం" అని, అంటే గ్రీకు చదువుకీ మన విశ్వాసానికీ ఏం సంబంధం అని, సుమారు క్రీ.శ. 200 ప్రాంతంలోనే అడిగేశాడు. అడిగింది మంచి లాటిన్‌లో, రెటరిక్ అంతా వాడుకుని. తర్వాత నాలుగో శతాబ్దంలో జెరోమ్, బైబిల్‌ని లాటిన్‌లోకి తెచ్చిన మహానుభావుడు, ఒక కల గురించి ఉత్తరంలో రాసుకున్నాడు. జబ్బుపడి ఉన్నప్పుడు న్యాయపీఠం ముందు నిలబెట్టినట్టు, నువ్వెవరని అడిగితే క్రైస్తవుణ్ణి అన్నట్టు, "అబద్ధం, నువ్వు సిసెరో మనిషివి, క్రీస్తు మనిషివి కాదు" అని కొరడాలతో కొట్టించినట్టు (సిసెరో అంటే క్రీస్తుకి ముందటి రోమన్ వక్త, రచయిత). ఇక ఆ పుస్తకాలు ముట్టనని ఒట్టేశాడట. తర్వాత రాసినవాటిలో సిసెరో, రోమన్ కవి వర్జిల్ మాటలు దొర్లుతూనే ఉన్నాయి, ఒట్టు గట్టున పెట్టావని శత్రువులు దెప్పారు కూడా.

అవతలి పక్క 362లో జూలియన్ చక్రవర్తి, క్రైస్తవం వదిలేసి పాత దేవుళ్ళ దగ్గరికి వెళ్ళినవాడు, క్రైస్తవ టీచర్లు గ్రీకు కవి హోమర్ లాంటివాళ్ళని పాఠం చెప్పకూడదని అడ్డుపడ్డాడు. ఆ దేవుళ్ళని నమ్మనివాళ్ళు ఆ పుస్తకాలు ఎలా చెప్తారని ఆయన పాయింటు. క్రైస్తవులు "పోతే పోనీ" అనుకోలేదు, లబోదిబోమన్నారు. ఆ చదువు వాళ్ళకి అప్పటికే ఎంత సొంతమైపోయిందో అక్కడ తెలుస్తుంది.

చివరికి గెలిచిన వాదన ఉత్తర ఆఫ్రికా బిషప్పు అగస్టీన్‌ది. ఐగుప్తు నుంచి బయల్దేరేటప్పుడు ఇశ్రాయేలీయులు అక్కడి బంగారం వెండి తీసుకెళ్ళారు కదా, అలాగే అన్యుల చదువులో మంచిదాన్ని తీసుకుని దేవుని పనికి వాడుకోవచ్చు అన్నాడు. క్లాసికల్ క్రిస్టియన్ స్కూళ్ళ ఓపెన్ హౌస్‌కి వెళ్తే ఏదో ఒక రూపంలో ఈ ఐగుప్తు బంగారం వినపడుతుంది.

అదే అగస్టీన్ తన చిన్నతనం గురించి ఇంకోటి చెప్పాడు, దాన్ని మాత్రం ఓపెన్ హౌస్‌లో అంతగా చెప్పరు. ఆయనకి గ్రీకు అంటే పరమ చిరాకు. లాటిన్ దాదుల ముద్దు మాటల్లో, ఆటల్లో, నవ్వుల్లో వచ్చేసింది, గ్రీకు బెత్తం చూపించి నేర్పారు. హోమర్ కథలు తియ్యనివే అయినా పరాయి భాష కష్టం ఆ తీపి మీద చేదు చల్లినట్టైంది అని రాసుకున్నాడు.

"మారుమనస్సు" దగ్గర ఒక్క క్షణం ఆగితే

భాష తెలిస్తే ఏం ఒరుగుద్ది అనేదానికి నాకు తెలిసినంతలో ఇంతకంటే మంచి ఉదాహరణ లేదు, పైగా మన తెలుగు దీంట్లో మధ్యలోకి వస్తుంది.

మత్తయి సువార్త మూడో అధ్యాయంలో బాప్తిస్మమిచ్చు యోహాను జనాన్ని ఒక మాట అంటాడు. గ్రీకులో "మెటనోఎయ్‌తె". మెటా అంటే ఇక్కడ మార్పు, నౌస్ అంటే మనసు. లాటిన్ బైబిల్లో, అంటే వుల్గాతాలో, ఆ మాట "పేనితెన్సియామ్ ఆజితే" అయింది. మాటకి మాట చూస్తే పశ్చాత్తాపం చెయ్యండి అని, కానీ "పేనితెన్సియా" అన్న ఆ మాటే మధ్యయుగాలకి చర్చిలో ఒక సంస్కారం పేరైపోయింది, గురువు దగ్గర పాపం ఒప్పుకోవడం, ఆయన చెప్పిన ప్రాయశ్చిత్తం చేసి రావడం. దాంతో లాటిన్ ఒక్కటే చదివేవాడికి ఆ వాక్యం "ప్రాయశ్చిత్తం చెయ్యండి" అని వినపడుతుంది.

1516లో ఎరాస్మస్ అనే డచ్ పండితుడు గ్రీకు కొత్త నిబంధనని అచ్చేసి, పక్కన తన లాటిన్ తర్జుమా, నోట్సు పెట్టి, ఇది లోపలి మార్పు గురించిన మాట, బయట చేసే తంతు గురించి కాదు అని చూపించాడు. మరుసటి సంవత్సరం 1517లో ప్రొటెస్టెంట్ ఉద్యమానికి మూలపురుషుడైన లూథర్ 95 వాదాంశాలు రాస్తే వాటిలో మొదటిదే ఈ మాట మీద, విశ్వాసి బతుకంతా మారుమనస్సే కావాలని, రెండోది ఇది గురువులు చేయించే ఆ సంస్కారం గురించి కాదని. ఒక్క క్రియాపదం, దాని మీద యూరప్ చీలిపోయిందంటే ఎక్కువ చెప్పినట్టే, కానీ చీలికకి మొదటి గీత అక్కడ పడింది.

ఇప్పుడు మన తెలుగు బైబిల్ చూడండి, "మారుమనస్సు పొందుడి". మారు, మనస్సు. మెటా, నౌస్. లాటిన్ తేలేకపోయినదాన్ని తెలుగు మాటకి మాటగా తెచ్చేసింది. మా నాన్నకి ఇది చెప్తే అరవై ఏళ్ళుగా చదువుతున్న మాటని మళ్ళీ రెండుసార్లు పైకి చదువుకున్నారు. ఇదే నేను చెప్పిన నాలుగు వాదనల్లో గట్టిది. మూల భాష తెలిస్తే తర్జుమాలో ఏం జారిపోయిందో కనపడుతుంది. 1524లో లూథర్ జర్మనీ నగర పెద్దలకి స్కూళ్ళు పెట్టమని రాస్తూ ఈ భాషలు వాక్యమనే కత్తికి ఒర లాంటివి అన్నాడు.

కానీ చూశారా, ఈ కథలో గెలిచింది గ్రీకు, తడబడింది లాటిన్. మా బావ అడిగింది కూడా అదే.

మరి గ్రీకు ఎందుకు వెనకబెంచీ?

ప్రొటెస్టెంట్ స్కూల్ తర్కం నిక్కచ్చిగా పాటిస్తే మొదట గ్రీకు, తర్వాత హీబ్రూ నేర్పాలి. ఆచరణలో చాలా స్కూళ్ళలో లాటిన్ మూడో క్లాసులోనో నాలుగులోనో కంపల్సరీగా మొదలవుతుంది, గ్రీకు హైస్కూల్లో ఆప్షనల్, అదీ టీచర్ దొరికితే. కొందరు గ్రీకే ముందు పెట్టాలని వాదించేవాళ్ళు ఉన్నారు, తక్కువ.

దీనికి గొప్ప సిద్ధాంతం ఏమీ లేదు, చాలావరకు ఇంటి సౌకర్యం. లాటిన్‌కి లిపి ఇంగ్లీషుదే, పిల్లలు మొదటి రోజే చదివేస్తారు. గ్రీకుకి 24 అక్షరాలు కొత్తగా దిద్దాలి, క్రియారూపాలు లాటిన్ కంటే ఎక్కువ. లాటిన్ మాటలు ఇంగ్లీషులో అడుగడుగునా ఉంటాయి, గ్రీకు మాటలు ఎక్కువగా సైన్సులో మెడిసిన్‌లో తగులుతాయి. పుస్తకాలు, వర్క్‌బుక్కులు, చిన్నపిల్లల పాటలు లాటిన్‌కి సిద్ధంగా ఉన్నాయి. ఇంకోటి, పశ్చిమ యూరప్ చర్చి వెయ్యేళ్ళకి పైగా లాటిన్‌లోనే ఆలోచించింది, అగస్టీన్, మధ్యయుగపు పండితుడు అక్వినాస్, చివరికి ప్రొటెస్టెంట్ నాయకుడు కాల్విన్ కూడా తన పెద్ద గ్రంథం ముందు లాటిన్‌లోనే రాశాడు. బైబిల్ కోసం లాటిన్ అనడం కంటే బైబిల్ చదివినవాళ్ళని చదవడం కోసం లాటిన్ అంటే నిజాయితీగా ఉంటుంది.

అమెరికాలో ఈ వరస పాతదే. బోస్టన్ లాటిన్ స్కూల్ 1635లో పెట్టారు, ఆ మరుసటి ఏడే హార్వర్డ్. తొలినాళ్ళలో హార్వర్డ్‌లో చేరాలంటే సిసెరోని అప్పటికప్పుడు చదివి అర్థం చెప్పగలగాలి, లాటిన్ మాట్లాడగలగాలి, గ్రీకు నామవాచకాలూ క్రియలూ అప్పజెప్పగలగాలి. అంటే అప్పుడు కూడా లాటిన్ మాట్లాడే స్థాయి, గ్రీకు అప్పజెప్పే స్థాయి. ఆ ఇద్దరూ అక్కాచెల్లెళ్ళు గానీ సమానం ఎప్పుడూ కాదు.

గ్రీకు నేర్పే చోట ఇంకో తేడా వస్తుంది. కొత్త నిబంధన గ్రీకు కోయినీ, అంటే అందరూ వాడిన వాడుక భాష, మార్కెట్ భాష. ప్లేటో రాసింది ఆటిక్, ఏథెన్స్ వాళ్ళ భాష. వాడుక తెలుగుకీ గ్రాంథికానికీ ఉన్నంత దూరం అని ఒక లెక్కకి అనుకోండి. ఆటిక్ నేర్చుకున్నవాడు కోయినీలోకి తేలిగ్గా దిగుతాడు, కోయినీ ఒక్కటే నేర్చుకున్నవాడు ప్లేటో దగ్గర చతికిలపడతాడు. స్కూల్ ఏది ఎంచుకుందో చూస్తే దానికి సువార్త ముఖ్యమా ఏథెన్స్ ముఖ్యమా తెలిసిపోతుంది.

మన దగ్గర క్రైస్తవులకి గ్రీకు స్కూల్లో కాదు, పాస్టర్లని తయారుచేసే సెమినరీలో తగులుతుంది. సేరంపూర్ పరిధిలోని థియోలాజికల్ కాలేజీల్లో బీడీ (బ్యాచిలర్ ఆఫ్ డివినిటీ) చదివేవాళ్ళు గ్రీకు, హీబ్రూ మొదలుపెడతారు. ఆ వచ్చీరాని గ్రీకుతో ఆదివారం ప్రసంగంలో ఒక ముక్క వాడకపోతే తోచదు కొందరికి. యోహాను 21లో యేసు పేతురుని "నన్ను ప్రేమించుచున్నావా" అని మూడుసార్లు అడుగుతాడు కదా, గ్రీకులో రెండు వేర్వేరు క్రియలున్నాయి, ఒకటి దైవిక ప్రేమ ఒకటి స్నేహ ప్రేమ అని గంట చెప్తారు. అయితే యోహాను సువార్తలో ఆ రెండు మాటలూ చాలాచోట్ల ఒకే అర్థంలో మారిమారి వస్తాయని, అక్కడ అంత తేడా లాగక్కర్లేదని చాలామంది పండితులు అంటారు. అరకొర భాష మాట కనపడేలా చేస్తుంది, దాని బరువు ఎంతో చెప్పదు.

వొకాబులరీ, బుర్ర పదును: ఎంత సరుకుంది?

వొకాబులరీ వాదన నిజమే, దాన్ని మనకి కొత్తగా ఎవరూ చెప్పక్కర్లేదు. సంస్కృతంలో "వహ్" అంటే మోయడం అని తెలిస్తే వాహనం, ప్రవాహం, వివాహం, నిర్వాహకుడు అన్నీ ఒక తీగకి కాసినట్టు కనపడతాయి. అలాగే లాటిన్‌లో "పోర్తారే" అంటే మోయడం, దాన్నుంచి ఇంపోర్ట్, ఎక్స్‌పోర్ట్, ట్రాన్స్‌పోర్ట్, సపోర్ట్, రిపోర్ట్. ఇంకా ముచ్చటేంటంటే లాటిన్‌లో మోసుకెళ్ళడానికి "వెహెరే" అని ఇంకో క్రియ ఉంది, వెహికిల్ దాన్నుంచే వచ్చింది, ఆ "వెహ్", మన వాహనంలో "వహ్" ఒకే మూలం. సంస్కృతం, గ్రీకు, లాటిన్ ఒకే తల్లి పిల్లలై ఉండాలని విలియం జోన్స్ అనే బ్రిటిష్ జడ్జి కలకత్తాలో చెప్పింది 1786లో.

అయితే ఎదుటివాళ్ళ ప్రశ్న కూడా న్యాయంగానే ఉంది. మాటల మూలాలే కావాలంటే ఓ రెండొందల మూలాలు ఒక సంవత్సరంలో నేర్పెయ్యొచ్చు, దానికి ఆరేళ్ళు ఐదు రకాల విభక్తి పట్టికలు ఎందుకు? దీనికి లాటిన్ పక్షం దగ్గర గట్టి జవాబు లేదనే నాకు అనిపిస్తుంది, వాళ్ళు ఇక్కడ మెల్లగా "అదొక్కటే కాదు, బుర్ర పదును" అని పక్క వాదనలోకి జారిపోతారు.

ఆ బుర్ర పదును వాదన అన్నిట్లోకీ బలహీనం. ఒకటి నేర్చుకుంటే వచ్చిన క్రమశిక్షణ మిగతా అన్నిటికీ పాకుతుందా అని అమెరికన్ సైకాలజిస్టు థార్న్‌డైక్ 1924లో 8 వేల మందికి పైగా హైస్కూల్ పిల్లల మీద చూశాడు. ఏ సబ్జెక్టు తీసుకున్నారన్నదాన్ని బట్టి ఆలోచనా శక్తిలో వచ్చిన తేడా చాలా స్వల్పం. తెలివైన పిల్లలు లాటిన్ తీసుకునేవాళ్ళు, అందుకే లాటిన్ తీసుకున్నవాళ్ళు తెలివైనవాళ్ళలా కనపడేవాళ్ళు. 2003లో జర్మనీలో హాగ్, స్టెర్న్ అనే ఇద్దరు చేసిన ఇంకో చిన్న పరిశీలన ఉంది. స్కూల్లో లాటిన్ చదివినవాళ్ళూ, ఫ్రెంచ్ చదివినవాళ్ళూ కొత్తగా స్పానిష్ కోర్సు చేస్తే ఎవరు మెరుగు అని చూశారు. ఫ్రెంచ్ వాళ్ళే తక్కువ తప్పులు చేశారు. బతికున్న భాషకి బతికున్న చుట్టమే సాయం.

లాటిన్ పిల్లలకి ఎస్ఏటీ (అమెరికాలో కాలేజీ ప్రవేశాలకి రాసే పరీక్ష) మార్కులు ఎక్కువ అని ఎవరైనా చూపిస్తే మన ఇంటర్ గుర్తు తెచ్చుకోండి. సెకండ్ లాంగ్వేజ్ సంస్కృతం తీసుకున్నవాళ్ళకి మార్కులు ఎక్కువ వచ్చేవి, దాన్నిబట్టి సంస్కృతం వాళ్ళ బుర్రని మార్చేసిందని ఎవరైనా అంటే క్లాసంతా నవ్వేవాళ్ళం. మార్కుల కోసమే తీసుకున్నది, పరీక్ష అయిన వారానికి "రామః రామౌ రామాః" తర్వాత ఏంటో గుర్తుంటే గొప్ప.

అయినా ఇందులో ఒక్క ముక్క నిలుస్తుంది. "పుయెల్లా అగ్రికొలామ్ అమాత్" అంటే అమ్మాయి రైతుని ప్రేమిస్తోంది. మాటల వరస తిప్పి "అగ్రికొలామ్ పుయెల్లా అమాత్" అన్నా అదే అర్థం, ఎందుకంటే ఆ చివరి "మ్" ఎవరిని ప్రేమిస్తోందో చెప్పేస్తుంది. ఇంగ్లీషు ఒక్కటే తెలిసిన పిల్లకి ఇది నిజంగా కళ్ళు తెరిపించే సంగతి, వాళ్ళ భాషలో మాట చోటు మారితే ప్రేమించేవాడు మారిపోతాడు. తెలుగు మాట్లాడే పిల్లకి "రైతుని అమ్మాయి ప్రేమిస్తోంది" అని ఎటు తిప్పినా ఇబ్బంది లేదు, ఆ "ని" ఎప్పట్నుంచో నోట్లో ఉంది. అంటే అమెరికన్ పిల్లలకి లాటిన్ చేసి పెట్టే పనిలో కొంత భాగం మన పిల్లలకి ఇంట్లో తెలుగే చేసేస్తుంది, ఇంట్లో తెలుగు మాట్లాడితే.

వారసత్వం ఎవరిది?

నాలుగో వాదన దగ్గర గొడవ ముదురుతుంది. పశ్చిమ నాగరికత వారసత్వం అని స్కూళ్ళు అంటాయి, అది తెల్లవాళ్ళ గొప్పల చిట్టా అని విమర్శకులు అంటారు, 2023లో ఫ్లోరిడా తన యూనివర్సిటీ అడ్మిషన్లకి ఎస్ఏటీ పక్కన క్లాసిక్ లెర్నింగ్ టెస్ట్ అనే పరీక్షని కూడా ఒప్పుకున్నాక ఇది పూర్తిగా రాజకీయం అయిపోయింది. అవతలి పక్క 2021లో ప్రిన్స్‌టన్ క్లాసిక్స్ (ప్రాచీన గ్రీకు, రోమన్ చదువులు) మేజర్‌కే గ్రీకు లాటిన్ తప్పనిసరి అన్న నిబంధన తీసేసింది, ముందు భాష రానివాళ్ళకి కూడా తలుపు తెరవాలని.

రెండు పక్షాలకీ ఇబ్బంది పెట్టే చరిత్ర కూడా ఉంది. బానిసత్వంలో పుట్టిన ఆనా జూలియా కూపర్ వాషింగ్టన్‌లో నల్లపిల్లల హైస్కూల్లో లాటిన్ టీచరు, నల్లజాతి మేధావి డుబాయిస్ 1890ల్లో విల్బర్‌ఫోర్స్ యూనివర్సిటీలో గ్రీకు లాటిన్ చెప్పాడు. అప్పుడు నల్లవాళ్ళకి చేతిపనులు చాలు, లాటిన్ ఎందుకు అన్నవాళ్ళకి వాళ్ళిచ్చిన జవాబు అది. మనకీ ఇందులో ఒక పోగు తగులుతుంది. 1835లో బ్రిటిష్ అధికారి మెకాలే మన చదువులకి ఇంగ్లీషు కావాలని వాదించింది, ఒకప్పుడు ఇంగ్లీషువాళ్ళకి గ్రీకు లాటిన్ ఎలాగో ఇప్పుడు భారతీయులకి ఇంగ్లీషు అలాగ అన్న పోలికతో.

కేథలిక్కుల లెక్క మళ్ళీ వేరు. వాళ్ళకి లాటిన్ పూజ భాష. 1960ల దాకా గుంటూరులో అయినా గోవాలో అయినా పూజ లాటిన్‌లోనే, రెండో వాటికన్ సభ తర్వాతే తెలుగులోకి వచ్చింది. ఆ లాటిన్ పూజలోనూ "కీరియే ఎలెయిసోన్" అన్న ముక్క గ్రీకే, ప్రభువా కరుణించు అని.

క్లాసులోకి వెళ్ళి చూస్తే

స్కూల్ ఈ నాలుగిట్లో దేన్ని నిజంగా నమ్ముతుందో బ్రోషర్ చెప్పదు, టైంటేబుల్ చెప్తుంది. ఎనిమిదో క్లాసులో లాటిన్ ఆపేసే స్కూల్ వొకాబులరీ, బుర్ర పదును నమ్ముతోంది, ఎందుకంటే అప్పటికి పిల్లలు పట్టికలు దాటి అసలు పుస్తకంలోకి ఇంకా దిగి ఉండరు. పన్నెండు దాకా తీసుకెళ్ళి సీజర్, వర్జిల్, అగస్టీన్ చదివించే స్కూల్ చదవడాన్ని నమ్ముతోంది. ఈ రెండో రకం కష్టం, టీచర్లు దొరకరు.

ఎలా నేర్పుతారన్నదాని మీదా రెండు వర్గాలు. ఒకటి పట్టికలు, తర్జుమాలు, మా మేనకోడలి పాట లాగ. ఇంకోటి భాషని భాషగా, కథలు చదువుతూ మాట్లాడుతూ, డెన్మార్క్‌కి చెందిన హాన్స్ ఓర్‌బెర్గ్ మొదటి పేజీ నుంచి లాటిన్ తప్ప ఇంకో భాష లేకుండా పాఠాలు రాశాడు, అది ఈ వర్గానికి పెద్ద బాలశిక్ష. పట్టికల వాళ్ళు రెండో వర్గాన్ని పునాది లేదంటారు, వాళ్ళు వీళ్ళని ఆరేళ్ళు చదివి ఒక పేజీ సాఫీగా చదవలేరంటారు. అగస్టీన్ దాదులనీ బెత్తాన్నీ గుర్తు చేసుకుంటే నా మొగ్గు ఎటో చెప్పక్కర్లేదు.

ఉచ్చారణ దగ్గర కూడా చీలికే. సిసెరోని ఒక స్కూల్లో "కికెరో" అంటారు, అది పాత రోమన్ల పలుకుబడి, ఇంకో స్కూల్లో "చీచెరో", అది ఇటలీ చర్చి పలుకుబడి. క్లాసికల్ పక్షం వాళ్ళు "వ"ని పెదాలు గుండ్రంగా చుట్టి పలకాలంటారు, చర్చి పక్షం పళ్ళు పెదవికి ఆనించి. మన "వ" ఆ రెంటికీ మధ్యలో ఉంటుంది కాబట్టి మా మేనకోడల్ని ఏ టీచరూ తప్పుపట్టలేదు.

మొన్న మళ్ళీ కాల్ చేసింది. ఈసారి పాట కాదు, యోహాను సువార్త మొదటి ముక్క, వుల్గాతాలోది. జెరోమ్ లాటిన్ సిసెరోది కంటే తేలిక, వరసలు సూటిగా ఉంటాయి, అందుకే చాలామంది పిల్లలకి మొట్టమొదటి అసలు వాక్యం ఇదే అవుతుంది. "ఇన్ ప్రించిపియో ఎరాత్ వెర్బుమ్." చ అంది, అంటే వాళ్ళది చర్చి పలుకుబడి. గ్రీకులో అక్కడున్నది లోగోస్, ఎరాస్మస్ 1519లో వెర్బుమ్ తీసేసి "సెర్మో" అని పెడితే, అంటే ఒక్క మాట కాదు సంభాషణ అన్న అర్థంలో, జనం విరుచుకుపడ్డారు. ఇదంతా నేను చెప్పబోతుంటే మా నాన్న నన్ను ఆపి, కళ్ళు మూసుకుని "ఆదియందు వాక్యముండెను" అన్నారు. తర్వాత ఫోన్ దగ్గరికి జరిగి దాన్ని అడిగారు, "అందున్, నన్ సప్తమి. మరి మీ ప్రించిపియో ఏ విభక్తే?"

"అబ్లేటివ్ తాతయ్యా" అంది. ఆయన పక్కనున్న కాగితం తీసుకుని రాసుకున్నారు.